తెప్పకు యంత్రము వచ్చిన చరిత్ర

కళింగ సముద్రతీరము చూచుటకు రమ్యమైనది. పడవను దింపుటకు మాత్రము మిక్కిలి కష్టమైనది. శ్రీకాకుళము జిల్లాకు 193 కిలోమీటర్లు, విజయనగరము జిల్లాకు 28 కిలోమీటర్లు సముద్రతీరము కలదు. ఇచ్ఛాపురము దరినుండి బారువ, భావనపాడు, కళింగపట్నముల మీదుగా కోనాడ, చింతపల్లి, ముక్కాముల వరకు నడచి చూచినవారికి కానవచ్చునది చాలవరకు బయలు ఇసుకతిన్నెయే. గాలిని, అలను ఆపగల సహజమైన ఓడరేవు ఈ తీరమున లేదు. అల విరిగెడి చోటనే మన జాలరులు, వాడబలిజలు తెప్పను దింపవలయును. అచ్చటనే తిరిగి ఒడ్డునకు చేర్చవలయును. ఈ యొక్క విషయమును మనస్సునందుంచుకొనిన గాని మన తీరపు పడవల చరిత్ర బోధపడదు.

రాజుల దానములను శాసనములు తెలుపును. పొలముల సరిహద్దులను గ్రామలెక్కలు తెలుపును. తెప్ప చరిత్రను తెలుపుటకు శాసనమును లేదు, లెక్కయును లేదు. అందునను తెప్పకు యంత్రము వచ్చిన చరిత్ర కన్నులయెదుట జరిగినది యగుటచేత, అదియొక చరిత్రయని యెవరికిని తోచలేదు. అది చరిత్రయే యని చూపుట యీ వ్యాసము నుద్దేశము.

పూర్వుల నౌకలు

నౌకాయానము ఆంధ్రులకు క్రొత్త గాదు. శాతవాహన చక్రవర్తి యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కొయ్యలు గల ఓడ బొమ్మ కలదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమునాటి గ్రీకు నావికుని గ్రంథమగు పెరిప్లసునందు మన తూర్పుతీరమున దుంగలను జతపరచి కట్టిన ‘సంగర’ యను పడవల ప్రసంగము వచ్చును. వంశధారాతీరమందలి శాలిహుండము బౌద్ధారామము ఈ సీమకు సముద్రముతో గల సంబంధమును నేటికిని తలపునకు దెచ్చుచుండును.

భోజరాజు పేర వెలసిన యుక్తికల్పతరువను సంస్కృత గ్రంథమున నౌకల భేదములు, కొలతలు వివరింపబడినవి. సముద్రమున నడచు ఓడ పలకలను ఇనుముతో బిగింపరాదనియు, అట్లు చేసినచో సముద్రమందలి అయస్కాంతశిలలు ఓడను లాగికొనుననియు ఆ గ్రంథకర్త హెచ్చరించెను. అయస్కాంతశిలల మాట మనము నమ్మనక్కరలేదు. కాని ఆ నియమమునకు సరిపడు పడవ మన తీరమున నిజముగానే యుండెను. తెల్లవారు మసూలాయని పిలిచిన పడవ అదియే. దానికి మేకులు లేవు, లోపల వంకకఱ్ఱలును లేవు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టి, అతుకుల సందున పీచు కూరెడివారు. అల వచ్చి కొట్టినపుడు మేకుబందీ పడవ పగులును. కుట్టుపడవ వంగి లేచును. కళింగపట్నము, భీమునిపట్నము రేవులలో లోతునీట లంగరు వేసిన ఓడలకు సరకుల నెక్కించినవియు, దించినవియు నిట్టి పడవలే. 1893–1896 సంవత్సరముల నడుమ బెజవాడనుండి కటకము వరకు రైలుమార్గము వచ్చిన పిమ్మట సరకులు ఆ దారి పట్టెను. 1933లో విశాఖపట్నమున పెద్ద ఓడరేవు తెరచిరి. చిన్నరేవుల వైభవ మంతటితో సన్నగిలినది. ఓడలు పోయినవి గాని తెప్పలు పోలేదు.

తెప్ప నిర్మాణమునుగూర్చి శ్రద్ధగా వ్రాసినవారిలో మద్రాసు రాజధాని మత్స్యశాఖకు డైరెక్టరుగా నుండిన జేమ్సు హార్నెల్ ముఖ్యుడు. భారతదేశపు పడవల రూపములనుగూర్చి ఆయన గ్రంథము 1920లో వెలువడెను. దక్షిణమున తమిళసీమలో దుంగలను త్రాళ్లతో కట్టుదురు. గంజాము, విశాఖపట్నము సీమల తెప్ప అట్లు గాదు. దుంగలను కొయ్యచీలలతో బిగించి రెండు భాగములుగా చేయుదురు. వేటకు పోవునపుడు ఆ రెంటిని జతకట్టి, ఒడ్డు చేరిన పిదప విప్పి వేర్వేరుగా ఆరబెట్టుదురు. నీటిని పీల్చుకొనిన కొయ్య ఆరినగాని తేలిక పడదు. విప్పిన భాగమును కొలదిమంది భుజముల కెత్తుకొని తిన్నెమీదికి చేర్చగలరు. లోతులేని తీరము, విరుగు అల, కొలదిమంది మనుష్యుల బలము – ఈ మూటిని కొలిచి మన పెద్దలు తెప్పను రూపొందించిరి. ఆ కొలతను మరచిన యంత్రమేదియు ఈ ఒడ్డున నిలువలేదు.

యంత్రము రెండు విధములు

పడవను నడపు యంత్రము రెండు విధములుగా నుండును. మొదటిది పడవ కడుపులో కూర్చుండునది. దీనిని ఇన్‌బోర్డు యందురు. యంత్రమునుండి ఒక ఇనుపకడ్డీ అడుగుపలకను తొలుచుకొని వెలికి వచ్చును. దాని కొనయందు రెక్కలచక్రము, అనగా ప్రొపెల్లరు, నీటిలో తిరుగును. దాని వెనుక చుక్కాని వ్రేలాడుచుండును. రెండవది అమరమునకు, అనగా పడవ వెనుకతట్టునకు, వెలుపల తగిలించునది. దీనిని ఔట్‌బోర్డు యందురు. ఇందులో యంత్రము, కడ్డీ, ప్రొపెల్లరు అన్నియు నొకే ముక్క. చుక్కాని వేరుగా నక్కరలేదు. యంత్రమును త్రిప్పినచో పడవ తిరుగును. అన్నిటికంటె ముఖ్యమైన గుణము మరియొకటి కలదు. కావలసినపుడు దానిని పైకి వంచి ప్రొపెల్లరును నీటినుండి ఎత్తవచ్చును.

1886లో జర్మనీదేశమున గాట్లీబ్ డైమ్లరు తన యంత్రమును పడవలో నమర్చి నెక్కారు నదిపై నడపెను. వెలుపలి యంత్రము ఇరువది యేండ్ల పిదప ప్రజల చేతికి వచ్చినది. అమెరికాలో కామెరాన్ వాటర్‌మన్ అట్టిదానిని అమ్మకమునకు దెచ్చెను. దానికి ప్రసిద్ధి తెచ్చినవాడు నార్వేనుండి వలస పోయిన ఓలె ఎవిన్‌రూడ్. వేసవినాడు సరస్సుపై విహరించుచుండగా ఆయన ప్రియురాలు ఐసుక్రీము కోరినదనియు, తెడ్డు వేసికొని పోయి తెచ్చులోపల నది కరిగిపోయినదనియు, ఆ యవమానమే యంత్రమునకు మూలమనియు ఒక కథ వ్యాపించియున్నది. 1909లో ఆయన అమ్మిన యంత్రము ఒకటిన్నర అశ్వశక్తి గలది. తూకము 62 పౌనులు, అనగా సుమారు 28 కిలోలు. ఒక మనిషి మోయగల యంత్రము! విహారార్థము పుట్టిన ఈ వస్తువే జాలరి యొడ్డునకు తగినదని తేలుటకు మరి డెబ్బదియేండ్లు పట్టినది.

మరపడవ రేవునకు పోయినది

స్వాతంత్ర్యానంతరము మత్స్యపరిశ్రమను వృద్ధి చేయవలెనని ప్రభుత్వములు తలపెట్టినపుడు, వారి దృష్టి లోపలి యంత్రముపైననే నిలిచెను. డీజిలు యంత్రము దృఢమైనది, ఖర్చు తక్కువ, పెద్ద వలను లాగగలదు. 1952లో నార్వేతో ఒడంబడిక కుదిరి, కేరళతీరమున నీండకర, శక్తికుళంగర గ్రామములలో మరపడవల ప్రయత్నము సాగెను. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ పంపిన నౌకాశిల్పులు మన దేశమున చిన్న మరపడవల నమూనాలను సిద్ధపరచిరి. కాకినాడ, విశాఖపట్నములు మరపడవలకు నిలయము లయ్యెను. రొయ్యల ఎగుమతి పెరిగినకొలది వాటి సంఖ్యయు పెరిగెను.

అయితే ఆ మరపడవ బారువ ఒడ్డునకు గాని, కోనాడ ఒడ్డునకు గాని ఏల రాలేదు? కారణము స్పష్టము. ఇన్‌బోర్డు పడవకు ప్రొపెల్లరు, చుక్కాని అడుగున స్థిరముగా నుండును. ఒడ్డునకు వచ్చునపుడు పడవకంటె ముందుగా అవియే ఇసుకను తాకును. వెనుకతట్టు ఇసుకలో చిక్కుకొనగా, తరువాతి అల పడవను అడ్డముగా త్రిప్పును. ఆ పైయల బోర్లవేయును. యంత్రమును చల్లపరచుటకు పీల్చుకొను నీటితో ఇసుకయు లోనికి పోవును. ఒడ్డు చేరినను అంత బరువును తిన్నెమీదికి లాగుట యెట్లు? కనుక మరపడవకు లోతైన రేవు కావలయును. రేవు విశాఖపట్నమున నున్నది. పడవ మన యొడ్డునకు రాలేదు. మనిషియే పడవ యొద్దకు పోయెను.

ఈ యొక్క వాక్యములో మన తీరగ్రామముల వలసచరిత్ర యిమిడియున్నది. విశాఖపట్నము, పూరీ, పారాదీపు మొదలు దూరపు గుజరాతు వెరావలు వరకు మన మత్స్యకారులు పరుల మరపడవలపై కూలికి పోవుచు వచ్చిరి. 2018 నవంబరులో గుజరాతుతీరమునుండి వేటకు వెడలిన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారు పాకిస్తానుకు చిక్కి చెఱపాలైరి. వారిలో ఇరువదిమంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా ఇల్లు చేరిరి. యంత్రము ఎక్కడ నిలుచును, ఎక్కడ నిలువదు అను ప్రశ్న యంత్రశాస్త్రమునకు మాత్రమే చెందినదని తలచువారు ఆ కుటుంబములు గడపిన పదునాలుగు నెలలను తలచుకొనవలయును.

అలకు లొంగిన యంత్రము

ఈ చిక్కును విప్పుటకు ప్రయత్నము జరుగలేదని చెప్పరాదు. పీటర్ గర్ట్నర్ అను నౌకాశిల్పి 1950ల చివర మన దేశపు అలల తీరములకు తగిన పడవకై పరిశ్రమించెను. పిదప 1979లో, విజయనగరము జిల్లా ఏర్పడిన సంవత్సరముననే, స్వీడను ధనసహాయముతో బంగాళాఖాత కార్యక్రమము మద్రాసు కేంద్రముగా ఆరంభమైనది. అందు ఓయివింద్ గుల్‌బ్రాండ్‌సెన్ అను నార్వే నౌకాశిల్పి పనిచేసెను. ఆ కార్యక్రమమువారు ఒడ్డునకు ఎక్కు పడవలను రూపొందించి, కాకినాడ దగ్గరి ఉప్పాడ ఒడ్డున వేటలో పరీక్షించిరి.

వారి యుపాయము గమనింపదగినది. డీజిలు యంత్రమును పడవలోపలనే యుంచిరి; కాని దానిని నీరుచొరని పెట్టెలో పెట్టి, ఇరుసుమీద ఊగునట్లు అమర్చిరి. కడ్డీ అడుగును దాటు చోట మడతలుగల రబ్బరుగొట్టము వేసిరి. ఒడ్డు దగ్గరపడగానే మీట నొక్కినచో యంత్రము, కడ్డీ, ప్రొపెల్లరు కలిసి ఒరిగి, ప్రొపెల్లరు అడుగుకంటె పైకి లేచును. అనగా, ఇన్‌బోర్డు యంత్రము ఔట్‌బోర్డు గుణమును నేర్చుకొనెనన్నమాట. కాని పడవ క్రొత్తది, వెల హెచ్చు. అట్టి పడవను ఒంటరి జాలరి సొంతముగా కొనుట సులభము గాదు.

అదేకాలమున, 1980ల మొదట, కేరళతీరమున మరియొక మార్పు వేగముగా వచ్చినది. అచ్చటి జాలరులు ట్రాలరులతో పోటీకి నిలువలేక, తమ పాతపడవలకే కిరసనాయిలుతో నడచు జపాను ఔట్‌బోర్డు మోటారులను తగిలించుకొనిరి. పడవను మార్పలేదు, దానికి యంత్రమును చేర్చిరి. ఆ గాలి క్రమముగా తూర్పుతీరమునకు వీచెను.

ఉత్తరాంధ్రమున దానికి తోడైనది ఫైబరు తెప్ప. కొయ్యదుంగకు బదులు గాజునారతో చేసిన తొడుగు, లోపల థర్మోకోలు. ఇది నీటిని పీల్చదు. విప్పి ఆరబెట్టవలసిన పని లేదు. మునిగినను తేలును. తెప్పకు దుంగలైన మాను దొరకుట దుర్లభమగుచున్న దినములలో, 1990ల పిదప, ఇది మన యొడ్డుల కెక్కెను. ఈ తెప్ప అమరమున ఎనిమిది, పది అశ్వశక్తుల మోటారు చక్కగా కుదిరినది. ఆ పరిమాణపు మోటారు తూకము సుమారు నలువది కిలోలు. అంతశక్తి గల డీజిలు యంత్రము తన కడ్డీ, గేరులతో నూరు కిలోలు దాటును. వేట ముగియగానే ఇద్దరు మోటారును ఇంటికి మోసికొని పోవుదురు. మిగిలినవారు తెప్పను తిన్నె కెక్కింతురు. అల విరుగు చోటికి రాగానే నడపువాడు మోటారును ఎత్తివేయును. అలయే తెప్పను ఇసుకమీదికి చేర్చును. తాతలనాటి విద్య మారలేదు. తెడ్డు మాత్రమే మారినది.

మార్పులోని మెలకువలు

ఇన్‌బోర్డు పడవను ఔట్‌బోర్డు పడవగా మార్చుకొనదలచినవారు పాతయంత్రమును తీసి క్రొత్తదానిని తగిలించిన చాలునని తలచుదురు. అది పొరపాటు. ఎడ్లబండిని గుఱ్ఱపుబండిగా మార్చుటకు కాడిని మార్చిన చాలునా?

మొదటిది రంధ్రముల సంగతి. కడ్డీ వెడలిన రంధ్రము, చుక్కాని రంధ్రము, నీరు పీల్చు రంధ్రము, పొగగొట్టపు రంధ్రము – వీనిని పుట్టీతో కప్పిన చాలదు. కొయ్యపడవయైనచో కొయ్యయతుకుతోను, ఫైబరు పడవయైనచో లోపల, వెలుపల గాజునార పొరలతోను పూడ్చవలయును. రెండవది అమరపు బలము. లోపలి యంత్రము త్రోపు పడవ అడుగున దూలముపై పడును. వెలుపలిది అమరపు పలకను పైనుండి మీటవలె త్రోయును. కావున పలకను మందముగా చేసి, దానినుండి అడుగుదూలమునకు మోకాలువంటి ఊతకఱ్ఱను బిగింపవలయును. అమరముకూడ మొనదేలిన పడవకు పలకయే యుండదు గనుక ప్రక్కన చట్రమును కట్టవలసి వచ్చును.

మూడవది ఎత్తు. మోటారులు 15 అంగుళముల కాలు గలవియు, 20 అంగుళముల కాలు గలవియు దొరకును. ప్రొపెల్లరుకు పైనుండు చదునైన రేకు పడవ అడుగు మట్టమునకు గాని, కొంచెము క్రిందికి గాని యుండవలయును. ఎక్కువ ఎత్తైనచో ప్రొపెల్లరు గాలిని పీల్చి వట్టినే తిరుగును. తక్కువైనచో నీటిని ఈడ్చుచు నూనెను తగలవేయును. నాలుగవది తూకము. పడవ నడుమ, అడుగున నుండిన బరువు ఇపుడు వెనుక, పైన చేరినది. అణియము, అనగా ముందుమొన, లేచి వెనుకతట్టు క్రుంగును. వలను, నూనెడబ్బాను, మంచును ముందునకు జరిపి తూకమును సరిచూచుకొనవలయును. ఐదవది నిప్పు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. పడవ అడుగున చేరి నిలుచును. గాలి ఆడని చోట డబ్బాను పెట్టుట ప్రమాదము.

ఇంకొక సూక్ష్మము కలదు. లోపలి యంత్రము పెద్ద ప్రొపెల్లరును మెల్లగా త్రిప్పును. వెలుపలిది చిన్నదానిని వడిగా త్రిప్పును. భారమైన పడవను ఈడ్చుటకు పెద్దచక్రము మెల్లగా తిరుగుటయే మేలు. కావున రేవునందే నిలుచు పెద్దపడవకు ఈ మార్పు నష్టము; ఇసుక కెక్కు తేలికపడవకు లాభము. యంత్రము మంచిదా చెడ్డదా యను ప్రశ్నకు ఒడ్డును బట్టియే సమాధానము.

జమయు, ఖర్చును

లెక్క చూడక మెచ్చుకొనుట తగదు. పూర్తిశక్తితో నడచు చిన్న డీజిలు యంత్రము గంటకు అశ్వశక్తి యొక్కింటికి సుమారు పావులీటరు త్రాగును. పాతతీరు రెండుదెబ్బల ఔట్‌బోర్డు మోటారు సుమారు అరలీటరు త్రాగును. పది అశ్వశక్తులతో నాలుగుగంటలు నడచిన దినమున డీజిలు పదిలీటరులు, ఔట్‌బోర్డు నూనె ఇరువది లీటరులు. నెలకు ఇరువది దినములు వేట సాగినచో అది 200 లీటరులు, ఇది 400 లీటరులు. నాలుగుదెబ్బల క్రొత్త మోటారులు ఈ వ్యత్యాసమును తగ్గించినవి గాని తుడిచివేయలేదు. గాలికి వెల లేదు. తెరచాపకు నెలసరి బాకీ లేదు. తెప్పకు మోటారు వచ్చిన దినముననే చేపపడినను, పడకున్నను చెల్లింపవలసిన ఖర్చు జాలరి ఇంటిలో ప్రవేశించినది. ఆ ఖర్చునకై షావుకారు వద్ద ముందుగా సొమ్ము తెచ్చుకొనిన జాలరి తన చేపల ధరను తానే చెప్పు హక్కును కోల్పోవును.

జమవైపున నేమి కలదు? దూరపు వేటస్థలములకు పోయి అదే దినమున తిరిగి రాగల శక్తి కలిగెను. మబ్బు కమ్మినపుడు ఒడ్డునకు పరుగెత్తు వీలు కలిగెను. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానులను చూచిన తీరమునకు ఈ వీలు ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఇంతకంటె పెద్ద జమ మరియొకటి కలదు: చేప సొంత ఒడ్డుననే దిగినది. మరపడవ రేవునకు పోయినచో చేపయు రేవుననే దిగును. వేలము పాడువారు వేరగుదురు. తెప్ప ఊరి ఒడ్డున దిగినపుడు ఊరి స్త్రీలు చేపను ఏరి, బేరమాడి, గంపకెత్తుకొని సంతకు పోవుదురు. తెప్పమీది యంత్రము మగవాని చేతిలో నుండినను, దాని ఫలము సగము ఆడుదాని గంపలో నుండును.

చట్టమును ఈ భేదమును గుర్తించినది. 1994వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపలవేట నియంత్రణచట్టము క్రింద ఒడ్డునుండి ఎనిమిది కిలోమీటర్ల లోపలి నీరు సంప్రదాయపు పడవలకు విడువబడినది. మరపడవలు దానికి వెలుపల వేటాడవలయును. ట్రాలరు వల ఆ గీతను దాటివచ్చి తెప్పవానివలను త్రెంచినపుడెల్ల, లోపలి యంత్రమునకును వెలుపలి యంత్రమునకును గల పాతతగవు మరల రేగును.

‘ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును’ అని పెద్దలందురు. మన తీరమున కుట్టుపడవ పోయి తెప్ప నిలిచెను. కొయ్యతెప్ప పోయి ఫైబరు తెప్ప వచ్చెను. తెడ్డు పోయి మోటారు వచ్చెను. ఇన్ని మార్పులలో మారనిది ఒక్కటే: ఒడ్డునకు తలవంచిన పనిముట్టు నిలిచినది, ఒడ్డును తనకు వంగుమన్నది మరలిపోయినది. రేపు బ్యాటరీతో నడచు యంత్రము వచ్చినను, క్రొత్త చేపలరేవు వచ్చినను, ఈ కొలతతోనే దానిని తూచవలయును. అది మనిషిని ఊరినుండి తీసికొని పోవునా, ఊరిలో నిలుపునా?

‘ఏరు దాటి తెప్ప తగలవేసినట్లు’ అను సామెత కృతఘ్నతను నిందించును. కొయ్యతెప్పను కట్టగల వృద్ధులు తీరగ్రామములలో నానాటికి తగ్గుచున్నారు. వారి కొలతలు, కొయ్యల పేర్లు, చీలల లెక్క, గాలుల పేర్లు వ్రాసి భద్రపరచుట గ్రామ గ్రంథాలయములకు తగిన కార్యము. పుస్తకములోని విద్యను ఒడ్డునకు చేర్చుటతో గ్రంథాలయము పని సగమే యగును. ఒడ్డుమీది విద్యను పుస్తకములోనికి తెచ్చుట మిగిలిన సగము.